తెర మీద ఒక్క దోసిలి

నవంబరు వచ్చిందంటే అరకు కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పండ్లు ఎర్రబడతాయి. పండినవాటినే ఏరి కోయాలి. పచ్చివాటిని కొమ్మకే వదిలేయాలి. కూలీ ఖర్చు కలిసొస్తుందని కొమ్మంతా ఒక్కసారే దూసేస్తే కప్పులో రుచీ పోతుంది, రైతుకొచ్చే ధరా పడిపోతుంది. చెప్పాల్సింది ఇంతే!

ఆ కాస్త సంగతి చెప్పడానికి ఊళ్లో తెర కట్టి, 'కాఫీ కోతలో పాటించవలసిన మెలకువలు' అని శీర్షిక పెట్టి, కింద పన్నెండు వాక్యాలు కుక్కారనుకోండి. ఇంట్లో కువి, కొండ, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లకి అదో అక్షరాల గోడ. పోనీ, బాగా చదువుకున్నవాళ్లకైనా మేలా అంటే అదీ లేదు. తెర మీద ఒక వాక్యం, చెప్పేవారి నోట మరో వాక్యం... రెండూ ఒకేసారి బుర్రకెక్కవు.

రాకెట్లు పంపేవాళ్లకే ఈ తిప్పలు తప్పలేదు. 2003 జనవరి 16న కొలంబియా నింగికెగసిన 82 సెకన్లకు నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. దెబ్బ ఎంతటిదో ఇంజినీర్లు అధికారులకు స్లయిడ్లతోనే వివరించారు. ఓ స్లయిడ్ శీర్షిక చూస్తే భయం లేదన్నట్టే ఉంటుంది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, తగిలింది 1920 అని అప్పటి అంచనా. అంటే 640 రెట్లు! ఆ అంకెలేమో అట్టడుగున, చిన్న అక్షరాల్లో. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ తిరిగి రాలేదు. ఆ స్లయిడ్ లోపాలను ఎడ్వర్డ్ టఫ్టీ ఎత్తిచూపితే దర్యాప్తు సంఘం తన నివేదికలో చేర్చింది. ప్రమాదానికి స్లయిడే కారణమని కాదు. చూడాల్సిన అంకె మాత్రం అందులో కంటికి ఆనలేదు.

మరి అరకు రైతుకి ఎలా చూపాలి? తెర నిండా ఒకే ఫొటో. దోసిట్లో సగం ఎర్రటి పండ్లు, సగం పచ్చికాయలు. ఫొటో ఈ కొండల్లో తీసిందే అయ్యుండాలి. బ్రెజిల్ తోటలో యంత్రం కోస్తున్న బొమ్మతో ఇక్కడేం పని? కింద పెద్దగా రెండే మాటలు: 'పండితేనే కోయండి'. మిగతాదంతా వాళ్ల భాషలో మనిషి చెప్పాల్సిందే. మగవాళ్లలో కొందరికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. అందుకని మరో బొమ్మ... వేళ్ల మధ్య నొక్కితే పండులోంచి గింజ జారి బయటికొస్తున్నట్టు. పచ్చిది అలా జారదు.

ఆరు కిలోల పండ్లకి సుమారు కిలో గింజలొస్తాయి. దానికి పట్టిక ఎందుకు? ఆరు సంచులు, పక్కన ఒక్క సంచి గీస్తే సరి.

పట్టపగలు బడి వరండాలో ప్రొజెక్టర్ వెలుగు వెలవెలబోతుంది. తెల్లటి తెర మీద నల్లటి, లావుపాటి అక్షరాలైతేనే కనిపిస్తాయి. ఎగిరొచ్చి పడే అక్షరాలు, గిర్రున తిరిగే బాణాలు శుద్ధ దండగ! ముందురోజే ఊళ్లో ఓ అవ్వకి బొమ్మ చూపించి 'ఏం కనబడుతోంది?' అని అడగాలి. ఆమె ఇంకేదో చెప్పిందంటే మార్చాల్సింది స్లయిడ్‌నే.

మధ్యలో కరెంటు పోతే? గంపలో పండ్లు ఉండనే ఉన్నాయి. ఓ బకెట్టు నీళ్లు తెప్పించి అందులో పోయడమే. తాలు కాయలు తేలతాయి, మంచివి మునుగుతాయి.