యంత్రములోని గంటము



తాళపత్రములనాడు లేఖకుడు ఆకు చేపట్టుటకు ముందే గంటము పదును చూచుకొనెడివాడు. నేటి కంప్యూటరునకును అట్టి గంటమొకటి వలయును. దానిని టెక్స్ట్ ఎడిటరందురు. అలంకారములు లేని ఒట్టి యక్షరములను వ్రాయుటకు, దిద్దుటకు అది సాధనము.

మా గ్రంథాలయమున మూలబడిన కంప్యూటరొకటి కలదు. దానికి మరల ప్రాణము పోయవలెనని, ఆర్చ్ లినక్సు అను స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమును నెలకొల్ప బూనితిని. స్వేచ్ఛ యనగా వెల లేకుండుట మాత్రమే కాదు. ఎవ్వరైనను దానిని పరిశీలింపవచ్చును, దిద్దవచ్చును, పదుగురికి పంచవచ్చును. దీనికి కీలకమైన లినక్సును 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వెలువరించెను.

ఇందు యంత్రపు కట్టడులు పెక్కు సామాన్యాక్షరములతో ఫైళ్లలో వ్రాయబడియుండును. ఏ డిస్కును ఎచట తగిలింపవలెనో ఎఫ్‌ఎస్‌టాబ్ అను ఫైలు తెలుపును. స్థాపనకు వాడిన పెన్‌డ్రైవులో ఎడిటరులు కలవు. కాని 2019 అక్టోబరు నుండి ఆర్చ్ మూలసంపుటిలో ఎడిటరు చేరియుండదు, కోరి చేర్చుకొనవలెను. నేనది మరచితిని. పైగా గ్రంథసూచికలున్న రెండవ డిస్కును ఆ ఫైలులో చేర్చుచు ఒక యక్షరము తప్పు వ్రాసితిని. యంత్రము నిమిషమున్నర వేచి, అత్యవసర స్థితిలో నిలిచిపోయెను. తప్పు కన్నుల యెదుటనే యున్నది. దిద్దుటకు గంటము లేదు! పెన్‌డ్రైవుతో మరల ప్రారంభించి, డిస్కును తగిలించి, తప్పు దిద్ది, ఎడిటరును చేర్చినగాని పని చక్కబడలేదు.

ఇక ఏ ఎడిటరును కోరవలెను? వీఐ యనునది 1976లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున బిల్ జాయ్ రచించినది. దానిని పెంపొందించి 1991లో బ్రామ్ మూలెనార్ విమ్ ను వెలువరించెను. ఇవి తెరచినంతనే అక్షరములు వ్రాతలు గావు, ఆజ్ఞలు. ‘ఐ’ మీట నొక్కిన పిమ్మట వ్రాత సాగును. ముగించుటకు ఎస్కేప్ నొక్కి, కోలన్, డబ్ల్యూ, క్యూ కొట్టి ఎంటరు నొక్కవలెను. అభ్యాసము గలవానికి ఇవి మిక్కిలి వేగవంతములు. క్రొత్తవానికి బయటపడు దారియే తోచదు.

నానో యనునది 1999లో ఆరంభమైనది. దీని తెర యడుగున ముఖ్యమైన మీటలు వ్రాయబడియే యుండును. అచట గొడుగు వంటి గుర్తు కంట్రోల్ మీటను సూచించును. కంట్రోల్‌తో ‘ఓ’ నొక్కి ఎంటరు కొట్టిన వ్రాత భద్రమగును. కంట్రోల్‌తో ‘ఎక్స్’ నొక్కిన బయటికి వత్తుము. ఓనమాలు దిద్దువానికి పలక వంటిది నానో. కావున మొదటి స్థాపనకు దానినే కోరుడు. అభ్యాసము కుదిరిన పిదప విమ్ ను నేర్వవచ్చును.

మరి యొక్క మాట. నల్లని తొలి తెరపై తెలుగు అక్షరములు సరిగా కానరావు. తెలుగు వ్రాతకు చిత్రరూపమైన డెస్క్‌టాపును, తెలుగు ఫాంటును పిదప చేర్చుకొనవలెను. ఏ ఫైలును దిద్దబోవుచున్నను ముందు దానికి నకలొకటి తీసియుంచుడు.

యంత్రమును పునఃప్రారంభించుటకు ముందు ‘లోపల గంటమున్నదా?’ యని ఒక్కసారి ప్రశ్నించుకొనుడు. ఆ ప్రశ్నకు క్షణము చాలును; మరచినందులకు నాకొక దినము పట్టినది.