సైదులు : ఒక నల్లగొండ వ్యక్తినామము

నల్లగొండ ప్రాంతపు వ్యక్తినామములలో సైదులు, సైదయ్య, సైదమ్మ, సైదిరెడ్డి యనునవి విశేషముగా పరిశీలింపదగినవి. హుజూర్‌నగరము, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో ఈ పేళ్ళు హిందూ కుటుంబములందు సర్వసాధారణములు. 2019లో హుజూర్‌నగరము ఉపయెన్నికలో శాసనసభకు ఎన్నికైన శానంపూడి సైదిరెడ్డిగారి పేరు పత్రికాపాఠకు లెరిగినదే. గ్రామములోని పాత పట్టీలు చూచి, పేళ్ళను బట్టి జనులను మతములవారీగా విభజింపబూను చరిత్రకారు డిచ్చట తప్పక పొరబడును. కావున ఈ నామము యొక్క పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనుట కేవల వినోదము కాదు.

ధ్వనిసామ్యమున సహదేవశబ్దము స్ఫురింపవచ్చును గాని, అది నిలువదు. సహదేవునినుండి వచ్చినచో వకారపు జాడ యెక్కడనైనను మిగిలియుండవలెను. సైదమ్మ, సైదిరెడ్డి రూపములలో నది లేదు. దీనికి మూలము అరబ్బీ 'సయ్యిద్' శబ్దము. ప్రభువు, నాయకుడు అని దాని యర్థము. ప్రవక్త వంశీయులగు హసన్, హుసేనుల సంతతికి అది బిరుదముగా నిలిచినది. ఆ పదమే స్పెయిను దేశమున, 1099లో మరణించిన రోడ్రిగో దియాస్ అను క్రైస్తవ వీరునికి 'ఎల్ సిద్' అను బిరుదమైనది. పరమతస్థులు ధరించుట ఈ పదమునకు క్రొత్త గాదు.

తెలుగున 'సయ్యి' యనునది 'సై' యై, 'సైదు' ప్రాతిపదికమైనది. దానిపై వచ్చిన 'లు' రామానుజులు, ఆంజనేయులు అనుచోట్ల వలె పూజ్యార్థక బహువచనము. అయితే వ్యక్తినామమైన పిమ్మట ఆ ప్రత్యయము తన గౌరవము కోల్పోయినది. "సైదులు వచ్చినాడు" అందురు. వ్యాకరణము ప్రకారము 'సైదులకు' కావలసినది జనుల నోట 'సైదులుకు' అగును. ప్రత్యయము ప్రాతిపదికలో కరగిపోయినదనుటకు వేరు నిదర్శన మక్కరలేదు. 'రాములు'కును ఇదే గతి.

శబ్దము అరబ్బీదైనను నామకరణపద్ధతి అచ్చముగా ఈ నేలది. 2016 వరకు నల్లగొండ జిల్లాలోనుండి, నేడు సూర్యాపేట జిల్లాలో చేరిన పాలకీడు మండలమున జాన్‌పహాడు దర్గా కలదు. అచ్చటి షహీదులనే జనులు సైదులందురు. ఏటా జనవరిలో జరుగు ఉర్సునకు మతభేదము లేక వత్తురు, గంధపు టూరేగింపు చూతురు, కందూరు చేయుదురు. సంతానము లేనివారు, పుట్టిన బిడ్డలు దక్కనివారు పేరు పెట్టుకొందుమని మ్రొక్కుకొందురు. మగబిడ్డ సైదులు, ఆడుబిడ్డ సైదమ్మ, లంబాడీలలో సైదానాయక్. మేకతో, గంధముతో పాటు పేరును మ్రొక్కు చెల్లింపే.

యాదగిరిగుట్ట నరసింహునికి మ్రొక్కినవారి యిండ్ల యాదగిరి, యాదయ్య, యాదమ్మలును, పాలమూరు సీమలో కురుమూర్తిస్వామి పేర కుర్మయ్యలును ఇట్లు పుట్టినవారే. ఒకే యింట అన్న యాదగిరి, తమ్ముడు సైదులు అయినచో ఆ తల్లిదండ్రుల దృష్టిలో రెండును ఒక తీరు పేళ్ళే.

ఇట్టి నామములు ఇతర సీమలందును కలవు. రాయలసీమలో హుసేను శబ్దము హకారము జారి ఉసేనయ్య యైనది. దస్తగిరి యను పేరు మరింత చిత్రము. యాదగిరి ప్రక్కన నిలిపినచో తోబుట్టువువలె కన్పట్టును గాని, అందలి 'గిరి' కొండ కాదు. చేయి పట్టి ఆదుకొనువాడను నర్థము గల పారసీక 'దస్తగీర్' శబ్దము, అబ్దుల్ ఖాదిర్ జీలానీ బిరుదము. ఇక కృష్ణకు దక్షిణమున పల్నాటిలో సైదులు 'రావు'ను చేర్చుకొని సైదారావైనాడు.