సీసాలో బుడగ ఉండకూడదు

క్లోరిన్ కలపబట్టే కుళాయి నీళ్లు కలరా, టైఫాయిడ్ భయం లేకుండా తాగగలుగుతున్నాం. అయితే కుళ్లిన ఆకులు, మొక్కల నుంచి నదినీటిలో చేరే సేంద్రియ పదార్థంతో ఆ క్లోరినే చర్య జరిపి క్లోరోఫామ్‌ను పుట్టిస్తుంది. 1974లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో యోహానెస్ రూక్ ఈ సంగతి బయటపెట్టాడు. నీటిలో బ్రోమైడ్ ఉంటే బ్రోమిన్ చేరిన మరో మూడు రసాయనాలూ తయారవుతాయి.

ఇవి లీటరు నీటిలో మైక్రోగ్రాముల్లోనే ఉంటాయి. పైగా క్లోరోఫామ్ 61 డిగ్రీలకే మరుగుతుంది. మూత తీసి ఉంచితే పరీక్షకు ముందే గాలిలో కలిసిపోతుంది. అందుకే అసలు జాగ్రత్త నీళ్లు పట్టేచోటే మొదలవుతుంది. 40 మిల్లీలీటర్ల గాజుసీసాను అంచుపైన నీరు ఉబ్బి నిలిచేదాకా నింపి, టెఫ్లాన్ పొర ఉన్న మూత బిగిస్తారు. తలకిందులు చేసి వేలితో తట్టి చూస్తారు. బుడగ పైకి తేలిందా, మళ్లీ పట్టాల్సిందే. ఆవిరయ్యే రసాయనం ఆ బుడగలోకే చేరుతుంది మరి. మిగిలిన క్లోరిన్‌ను అణచడానికి సీసాలో ముందే చిటికెడు సోడియం థయోసల్ఫేట్ వేస్తారు. లేకపోతే దారిలోనూ క్లోరోఫామ్ పుడుతూనే ఉంటుంది.

ల్యాబులో ఆ నీటిలోకి హీలియం ఊదుతారు. దానితోపాటు లేచిన ఆవిర్లను టెనాక్స్ అనే పదార్థం నింపిన గొట్టం పట్టి ఉంచుతుంది. దాన్ని గబాలున వేడిచేస్తే అవన్నీ ఒక్కసారిగా విడుదలై, పదుల మీటర్ల పొడవున్న, వెంట్రుకలాంటి గొట్టంలోకి వెళతాయి. ఆ గొట్టం లోపలి పూతకు ఎక్కువగా అంటుకునేది ఆలస్యంగా బయటికొస్తుంది. ముందు క్లోరోఫామ్, చివర 149 డిగ్రీలకు మరిగే బ్రోమోఫామ్.

బయటికొచ్చిన ప్రతిదాన్నీ మాస్ స్పెక్ట్రోమీటర్ ఎలక్ట్రాన్లతో ముక్కలుచేసి తూస్తుంది. క్లోరోఫామ్ ముక్కలు ద్రవ్యరాశి 83, 85, 87 దగ్గర దాదాపు 9:6:1 పాళ్లలో కనిపిస్తాయి. క్లోరిన్‌కు రెండు స్థిర ఐసోటోపులు ఉండటమే కారణం. కానీ తూకం ఒక్కటే చాలదు. పెట్రోల్‌లోని ఇథైల్ బెంజీన్, జైలీన్ రెండూ 106 తూగుతాయి, ఇంచుమించు ఒకేలా విరుగుతాయి. వాటిని వేరుచేసి చూపేది ఆ సన్నని గొట్టం దాటిన సమయమే.

నమూనాలతోపాటు శుద్ధజలం నింపిన సీసా ఒకటి వెళ్లి వస్తుంది. అందులోనూ క్లోరోఫామ్ తేలితే తప్పు నీటిది కాదు, దారిదో ల్యాబుదో.

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు తాగునీటిలో క్లోరోఫామ్ 0.2 మిల్లీగ్రాములు మించకూడదు. మించితే చేయాల్సింది క్లోరిన్ మానేయడం కాదు. పటికతో సేంద్రియ పదార్థాన్ని ముందే వీలైనంత తేర్చి, ఆ తర్వాతే క్లోరిన్ కలపాలి.