సహకార సంఘమున కంప్యూటరు: సహాయ పుటలు అందుబాటులో నుండవలెను

పూర్వము మన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలో కార్యదర్శి బల్లమీద చిట్టా, ఆవర్జా, రశీదు పుస్తకము ఉండెడివి. రైతు చెల్లించిన సొమ్మును ఆతని ఎదుటనే పద్దు వ్రాసి రశీదు ఇచ్చెడివారు. పొరపాటు పడినచో ఎర్రసిరాతో దిద్ది సంతకము చేసెడివారు. ఎట్లు దిద్దవలెనో తెలియని గుమాస్తా ప్రక్కనున్న అనుభవజ్ఞుని అడిగి తెలిసికొనెడివాడు.

నేడు ఆ పుస్తకముల స్థానమున కంప్యూటరు వచ్చుచున్నది. దేశమందలి 63,000 ప్రాథమిక సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరీకరణ చేయుటకు కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ మాసమున ఆమోదము తెలిపినది. ఈ సంఘములలో వాడుటకై ఏర్పరచినది ఇ.ఆర్.పి. అను తరగతికి చెందిన సాఫ్ట్‌వేరు. అనగా సభ్యత్వము, వాటా ధనము, ఋణములు, డిపాజిట్లు, ఎరువుల నిల్వ, జమాఖర్చులు అన్నియు ఒకే కట్టుగా ముడివేసిన ఏర్పాటు. ఒకచోట పద్దు వ్రాసినచో దానికి సంబంధించిన లెక్కలన్నియు వాటంతట అవియే మారును. ఇది గొప్ప సౌకర్యము. కాని ఒకచోట పడిన తప్పుకూడ అంతే వేగముగ అన్ని లెక్కలలోనికి ప్రాకును.

ఒక ఉదాహరణము చూతము. కేంద్రప్రభుత్వ వడ్డీ రాయితీ పథకము క్రింద స్వల్పకాలిక పంటఋణమునకు వడ్డీ నూటికి 7 రూపాయలు. గడువులోపల చెల్లించిన రైతునకు అందులో 3 రూపాయలు తగ్గును. లక్ష రూపాయల ఋణము తీసికొన్న రైతు సకాలమున చెల్లించినచో సంవత్సరమునకు 4,000 రూపాయల వడ్డీయే పడును. గడువు దాటినచో 7,000 రూపాయలు పడును. ఆ రైతు గడువునకు ముందురోజుననే సొమ్ము కట్టెను. కాని గుమాస్తా పొరపాటున మరియొక సభ్యుని ఖాతాకు జమచేసెను అనుకొందము. కంప్యూటరు దృష్టిలో ఆ రైతు బాకీదారుడే. సాధారణముగా ఇట్టి సాఫ్ట్‌వేరులో పడిన పద్దును చెరిపివేయ వీలుండదు. దానికి ఎదురు పద్దు వ్రాసి, పై అధికారి అనుమతితో సరియైన ఖాతాకు మార్చవలెను. ఆ పద్ధతి గుమాస్తాకు తెలియనిచో 3,000 రూపాయలు నష్టపోవువాడు ఏ తప్పును చేయని రైతు.

ఆ పద్ధతి వివరించునవే సహాయ పుటలు. ఇవి క్రొత్త వింతలు కావు. కంప్యూటర్ల తొలినాళ్లలో లావుపాటి గ్రంథములుగా అచ్చువేసి ఇచ్చెడివారు. యూనిక్స్ అను ప్రసిద్ధ వ్యవస్థకు మొదటి కరదీపిక 1971లో వెలువడినది. కొలదికాలములోనే దాని పుటలను తెరమీదనే చదువుకొను వీలు కలిగినది. 1990లో వచ్చిన విండోస్ 3.0తో సామాన్య కార్యాలయములకును అట్టి సదుపాయము లభించినది. నేడు ఈ పుటలు చాలవరకు ఇంటర్నెట్టు ద్వారా అందుచున్నవి. సాఫ్ట్‌వేరు మారినప్పుడెల్ల ఒక్కచోట సవరించినచో అన్ని ఊళ్లకును క్రొత్త పుటయే కనబడును. కాని పుటలు ఎక్కడనో ఉన్నంతమాత్రమున చాలదు. పనిచేయువాని చేతికి అందవలెను. అందుకు సంఘములు చేసికొనవలసిన ఏర్పాట్లను ఇచట మనవి చేయుచున్నాము.

మొదటిది, సరియైన చిరునామా. సహాయ పుటలను సాఫ్ట్‌వేరు లోపలనున్న సహాయపు గుర్తు ద్వారానే తెరువవలెను. సాధారణముగా ఇది ప్రశ్నార్థకపు గుర్తుగా నుండును. చాల ప్రోగ్రాములలో ఎఫ్1 మీట నొక్కిన సహాయము వచ్చునుగాని, బ్రౌజరులో నడచు సాఫ్ట్‌వేరునందు ఆ మీట తరచుగా బ్రౌజరుకు సంబంధించిన సహాయమునే చూపును. అది చూచి తికమకపడరాదు. సరియైన పుటను ఒకమారు తెరచి, బ్రౌజరులో బుక్‌మార్కుగా భద్రపరచుకొనవలెను. అంతర్జాలమున వెదకి, కనబడిన ప్రతి ఫోను నంబరునకు మాటలాడుట ప్రమాదము. మోసగాండ్రు సహాయకుల వేషమున పొంచియుందురు.

రెండవది, దారి. సాఫ్ట్‌వేరు చక్కగా తెరచుకొనును, సహాయ పుట మాత్రము తెరచుకొనదు అను ఫిర్యాదు కొన్ని కార్యాలయములలో వచ్చును. ఈ రెండును వేర్వేరు చిరునామాలలో నుండుటయే తరచుగా దీనికి కారణము. కార్యాలయపు ఫైర్‌వాల్ ఒకదానిని అనుమతించి, రెండవదానిని అడ్డగించును. అప్పుడు నెట్‌వర్కు చూచు సిబ్బందికి రెండు చిరునామాలను తెలిపి, రెండింటికిని అనుమతి కోరవలెను. పుట క్రొత్త కిటికీలో తెరచుకొనునదైనచో బ్రౌజరు దానిని ఆపుచున్నదేమో కూడ చూడవలెను.

మూడవది, హక్కు. పద్దు వ్రాయు హక్కు ఎవరిది వారికే ఉండవలెను. సహాయ పుట చదువు హక్కు పనిచేయువారందరికి ఉండవలెను. సహాయము చదువుటకై కార్యదర్శి పాస్‌వర్డును మరియొకరికి ఇచ్చుట ఇంటి తాళపుచెవిని వీధిలో వ్రేలాడదీయుట వంటిది.

నాల్గవది, కరెంటు లేని వేళకు ఏర్పాటు. ఇంటర్నెట్టు ఆగినను రైతు కౌంటరువద్ద నిలిచియే యుండును. అందుచేత ముఖ్యమైన పనులకు సంబంధించిన పుటలను అచ్చుతీసి ఒక ఫైలులో ఉంచవలెను: క్రొత్త సభ్యుని చేర్చుట, ఋణము మంజూరు, రశీదు, తప్పు పద్దు సవరణ, రోజు ముగింపు. ప్రతి కాగితముమీదను అచ్చుతీసిన తేదీ, సాఫ్ట్‌వేరు కూర్పు సంఖ్య వ్రాయవలెను. సాఫ్ట్‌వేరు మారినప్పుడు పాత కాగితమును తీసివేయవలెను. పాతబడిన సలహా అసలు సలహా లేకపోవుటకన్న హానికరము.

ఐదవది, భాష. సహాయము తెలుగులో నున్నచో దాని ఉపయోగము ఇనుమడించును. సంఘముగాని జిల్లా కార్యాలయముగాని తన సిబ్బందికై తెలుగున సూచనలు తయారుచేయునప్పుడు యూనికోడు లిపిలోనే టైపు చేయవలెను. పాతరకపు ప్రత్యేక ఫాంట్లలో టైపు చేసినచో, కంటికి తెలుగుగానే కనబడినను, “వాటా ధనము” అని వెదకినప్పుడు కంప్యూటరునకు దొరకదు. మరియు తెరమీదనున్న ఆంగ్లపదము ప్రక్కనే మన వాడుకమాట వ్రాయవలెను. జామీను, వాయిదా, బకాయి అను మాటలతో వెదకువానికి ఆ మాటలతోనే సమాధానము దొరకవలెను.

ఈ ఏర్పాట్లన్నియు పంటఋణముల తరుణమునకు ముందే పరీక్షించి చూచుకొనవలెను. పరీక్ష సులభము. క్రొత్తగా చేరిన గుమాస్తాను, అభ్యాసమునకై వేరుగా నున్న ఖాతాలు కలిగినచో వాటి యెదుట కూర్చుండబెట్టి, ఎవరిని అడుగక సహాయ పుట చూచి తప్పు రశీదును సవరింపుమనవలెను. ఆతడు ఎక్కడ ఆగిపోవునో అక్కడనే మన ఏర్పాటులో లోపమున్నది.

పుటలలో సమాధానము దొరకని ప్రశ్నలకు ఒక నోటుపుస్తకము ఉంచవలెను. తేదీ, ఏ తెరమీద పనిచేయుచుండగా ఆటంకము కలిగినది, కంప్యూటరు చూపిన వాక్యము యథాతథముగా వ్రాసి సహాయ కేంద్రమునకు పంపవలెను. “పనిచేయుటలేదు” అని మాత్రము వ్రాసినచో వారు ఏమియు చేయజాలరు. పాస్‌వర్డును, ఓ.టి.పి.ని, సభ్యుల ఆధార్ సంఖ్యలను అందులో ఎన్నడును వ్రాయరాదు. వచ్చిన సమాధానమును అచటనే నమోదు చేసినచో మరునాడు మరియొకరికి అదియే సహాయ పుట యగును.

సభ్యులైన రైతులకును ఒక మాట. రశీదు తీసికొనగానే పేరు, ఖాతా సంఖ్య, తేదీ, మొత్తము చూచుకొనుడు. చదువరాని వారు ఇంటిలోని పిల్లలచేత చదివించుకొనుడు. తేడా కనబడినచో ఆరోజుననే చెప్పుడు. సంఘపు సర్వసభ్య సమావేశమున కంప్యూటరు ఎంతకు కొన్నారని అడుగుటతోపాటు, తప్పు పడినచో దిద్దు విధానము సిబ్బందికి అందుబాటులో నున్నదా అని కూడ అడుగుడు.

సంఘము సభ్యులది. యంత్రము మారినను పద్దు నిజముగా నుండవలెనను ధర్మము మారలేదు. సకాలమున తెరచుకొన్న ఒక్క సహాయ పుట ఒక రైతు కష్టార్జితమును కాపాడగలదని మన సంఘముల కార్యదర్శులు, సిబ్బంది గుర్తుంచుకొందురని ఆశించుచున్నాము.