మత్తు డాక్టరు వస్తేనే...

రాత్రి రెండయింది. తొలి కాన్పు. కడుపులో బిడ్డ గుండె వేగం పడిపోతోంది. వెంటనే సిజేరియన్ చెయ్యాలన్నారు లేడీ డాక్టరు. థియేటర్లో లైట్లు వెలిగాయి. నర్సులు సిద్ధం, రక్తం సిద్ధం. రావాల్సింది ఒక్కరే... మత్తు డాక్టరు. ఆయన ఊళ్లో లేరు. ఇక అంబులెన్సే దిక్కు. జిల్లా ఆసుపత్రికి గంటన్నర ప్రయాణం!

చిన్న పట్టణాల సర్కారు ఆసుపత్రులకు ఇలాంటి రాత్రులు కొత్త కాదు.

మత్తు డాక్టరంటే సూదిమందు ఇచ్చి పక్కన కూర్చునే మనిషని చాలామంది అనుకుంటారు. నిజానికి సర్జన్ కోత మీద దృష్టిపెడితే, రోగి ప్రాణం మీద కన్నేసి ఉంచేది ఈయనే. వెన్నులో మందు ఎక్కగానే బీపీ పడిపోవచ్చు, ఊపిరి ఆగిపోవచ్చు. ఆ నిమిషంలో ఏంచెయ్యాలో తెలిసినవాళ్లు పక్కన ఉండాలి. ఐసీయూలో వెంటిలేటర్ దగ్గరా వీళ్లే కావాలి. ఇంత చేసినా, ఆపరేషన్ చేసిన డాక్టరు పేరే రోగికి గుర్తుంటుంది. సొంత ప్రాక్టీసు పెట్టుకునే వీలూ తక్కువే. అందుకే ఎక్కువ ఆపరేషన్లు జరిగే నగరాలకే వెళ్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

లక్ష జనాభాకు కనీసం అయిదుగురు మత్తు వైద్యులుండాలన్నది అంతర్జాతీయ లెక్క. 2017లో వెలువడిన సర్వే ప్రకారం 77 దేశాలు ఆ గీతకు దిగువనే ఉన్నాయి. వాటిలో మనదీ ఉంది.

చిత్రమేమిటంటే ఈ విద్యలో ఒకప్పుడు ప్రపంచానికి పాఠం చెప్పింది హైదరాబాదే. క్లోరోఫాం ఎంతవరకు సురక్షితమో తేల్చేందుకు 1888, 1889లలో ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. ఖర్చు నిజాం భరించారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పే రూపాబాయి ఫర్దూంజీ చదివిందీ ఇక్కడి వైద్య పాఠశాలలోనే.

ఇప్పుడు మత్తు డాక్టరు కావాలంటే ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీ గానీ డీఎన్‌బీ గానీ చెయ్యాలి. రెండేళ్ల డిప్లొమా సీట్లు మెడికల్ కాలేజీల్లో చాలావరకు ఎండీ సీట్లుగా మారిపోయాయి. 2020లో నేషనల్ బోర్డు మళ్లీ రెండేళ్ల డిప్లొమాకు తెరతీసింది. వంద పడకలున్న ఆసుపత్రులూ దీన్ని నడపొచ్చు. అంటే కొరత ఉన్నచోటే చదువు, అక్కడే నైట్‌డ్యూటీ!

ఇంటర్ పూర్తిచేసిన పిల్లలకు ఎనస్థీషియా టెక్నీషియన్ డిప్లొమా, టెక్నాలజీ డిగ్రీ ఉన్నాయి. యంత్రాన్ని పరీక్షించడం, గొట్టాలూ మందులూ అందించడం వీళ్ల పని. మత్తు ఇచ్చే అధికారం మాత్రం ఉండదు. సీటు కోసం ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు ఈ తేడా తెలుసుకోవాలి. అమెరికాలో అయితే ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు కూడా మత్తిస్తారు. ఆ చదువూ చిన్నదేం కాదు. 2022 నుంచి అందులో చేరేవాళ్లు డాక్టరేట్ స్థాయి కోర్సు చెయ్యాల్సిందే.

మన ప్రభుత్వం మరో దారి పట్టింది. ఎంబీబీఎస్ డాక్టర్లకే అత్యవసర కాన్పుల కోసం మత్తు ఇవ్వడం నేర్పించే పథకం పెట్టింది. మొదట్లో శిక్షణ 18 వారాలు. ఆలోచన బాగుంది. ఆచరణలోనే పేచీ. శిక్షణ ముగించిన డాక్టరు తిరిగి తన పీహెచ్‌సీకి వెళ్తే అక్కడ థియేటరే ఉండదు. థియేటర్ ఉన్నచోట గైనకాలజిస్టు పోస్టు ఖాళీ. ఇద్దరూ ఒకేచోట ఉంటే బ్లడ్‌బ్యాంకు దూరం. కొన్ని నెలలు చెయ్యి ఆడకపోతే నేర్చుకున్న ధైర్యమూ సడలుతుంది. పైగా ఏదైనా జరగరానిది జరిగితే ‘స్పెషలిస్టు కాకుండా మత్తెలా ఇచ్చావ్’ అని నిలదీస్తారేమోనన్న భయం.

ఈ డాక్టర్లను గైనకాలజిస్టుతో జతగా ఒకేచోట నియమించి, కష్టమైన కేసు వస్తే అర్ధరాత్రి ఫోన్‌చేసి అడిగేందుకు జిల్లా ఆసుపత్రిలో ఒక సీనియర్ని అందుబాటులో ఉంచడానికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు. బదిలీల ఫైలు మీద సంతకం చేసేవాళ్లు కాన్పుల రిజిస్టరు కూడా చూస్తే చాలు.