పాత డీజిల్ కారు కొంటున్నారా? ముందు మీ మైళ్ళు లెక్కపెట్టండి!

మన తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ముందు సినిమాలు, తర్వాత రాజకీయాలు, ఆపైన వీసాలు, చివరికి కార్లు. ఇదీ వరస. కార్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "డీజిల్ అయితే మైలేజీ బాగా వస్తుందటగా? పాతది ఒకటి చవకగా దొరుకుతోంది, తీసేసుకోమంటారా?"

చాలా ఏళ్ళుగా ప్లెయిన్స్‌బరోలో ఉంటున్నాను. వారమంతా కంప్యూటర్లతో కుస్తీ, శని ఆదివారాల్లో స్నేహితులు కొనబోయే కార్లు చూసిపెట్టడం నాకు అలవాటు. ఈ ప్రశ్నకి అవునని, కాదని ఒక్క ముక్కలో చెప్పలేం. కానీ కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంటే పది నిమిషాల్లో మీ జవాబు మీకే తెలిసిపోతుంది.

డీజిల్ అంటే చవక... అది అక్కడి మాట!

మనలో చాలామందికి డీజిల్ అనగానే క్వాలిస్, ఇన్నోవా, ఇండికా గుర్తొస్తాయి. తిరుపతి వెళ్ళాలన్నా, పెళ్ళికి వెళ్ళాలన్నా డీజిల్ బండే మాట్లాడేవాళ్ళం. అప్పట్లో ప్రభుత్వం డీజిల్ ధరని అదుపులో ఉంచేది కాబట్టి పెట్రోలు కన్నా బాగా చవక. 2014 అక్టోబరులో ఆ నియంత్రణ ఎత్తేశారు. 2020 ఏప్రిల్ నాటికి మారుతి కంపెనీ డీజిల్ కార్లే మానేసింది. అంటే మన జ్ఞాపకంలో ఉన్న చవక డీజిల్ అక్కడే పాతబడిపోయింది.

ఇక్కడ కథ వేరు. ఫెడరల్ పన్నే గ్యాలన్ గ్యాస్ మీద 18.4 సెంట్లయితే, డీజిల్ మీద 24.4 సెంట్లు. బంకు దగ్గర బోర్డు చూడండి, డీజిల్ ధర మామూలు గ్యాస్ కన్నా ఎక్కువే కనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. డీజిల్ కారు గ్యాలన్‌కి 40 మైళ్ళు, అదే సైజు గ్యాస్ కారు 30 మైళ్ళు ఇస్తాయనుకోండి. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే డీజిల్ 300 గ్యాలన్లు, గ్యాస్ 400 గ్యాలన్లు కావాలి. గ్యాస్ 3 డాలర్లు, డీజిల్ 3.75 డాలర్లు అనుకుంటే ఖర్చు 1,125, 1,200. ఏడాదికి మిగిలేది 75 డాలర్లు! డీజిల్ 4 డాలర్లయితే మిగిలేది సున్నా. అదే డీజిల్ 3.30కి దొరికి, మీరు ఏడాదికి 30,000 మైళ్ళు తిరిగేవారైతే 525 డాలర్లు మిగులుతాయి. చూశారా, తేడా అంతా కారులో లేదు. మీ మైళ్ళలోనూ, బంకు బోర్డు మీదా ఉంది.

మన ఊరి తిరుగుడుకి డీజిల్ సరిపడుతుందా?

మన తిరుగుడు ఎలా ఉంటుందో ఆలోచించండి. పొద్దున్నే ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్‌కి, సాయంత్రం ఇంటికి. మధ్యలో బడి, సంగీతం క్లాసు, రూట్ 1 మీద సరుకులు. అన్నీ పది, పదిహేను నిమిషాల ట్రిప్పులే. ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తాం.

ఇప్పటి డీజిల్ కార్లలో మసిని పట్టుకునే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. దాన్ని డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసిని కారు తనంతట తానే కాల్చేసుకోవాలి. దానికి బాగా వేడి కావాలి, అంటే హైవే మీద ఆగకుండా కొంతసేపు పరుగెత్తాలి. స్టేషన్‌కీ ఇంటికీ మాత్రమే తిరిగే కారులో ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది. మార్చాలంటే బిల్లు వేల డాలర్లలోకి వెళ్ళొచ్చు. ఏడాదికి 75 డాలర్ల ఆదాతో ఆ బిల్లు ఎన్నేళ్ళకి తీరుతుందో మీరే చెప్పండి. ఏనుగుని కొనడం కాదు, మేపడం కష్టం అని ఊరికే అనలేదు.

ఈమధ్య మా అపార్ట్‌మెంట్స్‌లో ఉండే ఒక కుర్రాడు వచ్చాడు. "అన్నా, రెండో పాప పుట్టబోతోంది, విజయవాడ నుంచి అమ్మ వస్తోంది. చేతిలో పదకొండు వేలున్నాయి. డీజిల్ ఎస్‌యూవీ ఒకటి చూశాను" అన్నాడు. ఆ పదకొండు వేలు తప్ప వెనక దాచింది ఏమీ లేదు. రిపేరు బిల్లొకటి వస్తే ఆసుపత్రి ఖర్చులకి దాచినదే తియ్యాలి. అతని తిరుగుడు వారానికి వంద మైళ్ళు కూడా లేదు. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. చివరికి మంచి సర్వీసు రికార్డున్న గ్యాస్ సెడాన్ తీసుకున్నాడు, కొంత డబ్బు బ్యాంకులోనే ఉంచుకున్నాడు.

ఇంకో మిత్రుడి ఉద్యోగం పెన్సిల్వేనియాలో. రోజుకి నూట ఇరవై మైళ్ళు, అన్నీ హైవే. ఆయన డీజిల్ కారు నిక్షేపంగా నడుస్తోంది. పిల్లల్ని ఎక్కించుకుని పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళొచ్చినా, కొండ రోడ్ల మీద ఇంజన్ ఆయాసపడదు. ఆయనకి డీజిల్ సరైన బండే.

పరీక్షలో పాస్, రోడ్డు మీద ఫెయిల్

డీజిల్ సంగతి ఎత్తితే ఫోక్స్‌వ్యాగన్ కథ చెప్పుకోక తప్పదు. 2015 సెప్టెంబరు 18న ఈపీఏ బయటపెట్టింది: 2009 నుంచి 2015 మోడళ్ళ దాకా ఆ కంపెనీ 2 లీటర్ల డీజిల్ కార్లలో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. కారుకి పరీక్ష జరుగుతోందని అది కనిపెట్టి, ఆ కాసేపూ పొగని శుభ్రంగా వదిలిస్తుంది. రోడ్డెక్కాక నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల వరకూ వెళ్ళేవి. మనలాంటి ప్రోగ్రామర్లు రాసిన కోడే అది! పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే గాలి విషయంలో అలాంటి కోడ్ రాయడం మన వృత్తిలో ఉన్నవాళ్ళందరూ ఆలోచించాల్సిన సంగతి.

దాన్ని పట్టుకోవడానికి దారి వేసింది వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో ఒక చిన్న బృందం. అందులో భారతదేశం నుంచి వచ్చిన అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పన్న కూడా ఉన్నారు. ల్యాబ్‌లో కాకుండా, కొలిచే పరికరాలు కార్లోనే పెట్టుకుని రోడ్ల మీద నడిపి చూశారు. ఆ ఫలితాలు 2014లో వచ్చాయి.

ఆ తర్వాత కంపెనీ చాలా కార్లను వెనక్కి కొంది, కొన్నిటిని సరిచేసి మళ్ళీ అమ్మారు. అలాంటిది మీకు కనబడితే సరిచేసిన కాగితం అడగండి. దాంతోపాటు ఇచ్చిన పొడిగింపు వారంటీ ఇంకా ఉందో, తీరిపోయిందో విన్ నంబరు చెప్పి డీలర్ దగ్గర కనుక్కోండి.

కొనేముందు చూడవలసినవి

ఒకటి: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి. హుడ్ మీద చెయ్యి పెట్టి, వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పండి. చల్లటి ఇంజన్ స్టార్టయ్యే తీరులోనే అసలు గుణం తెలుస్తుంది.

రెండు: చల్లగా ఉన్న సైలెన్సర్ గొట్టం లోపల టిష్యూతో తుడవండి. ఫిల్టర్ బాగుంటే మసి పెద్దగా అంటదు. నల్లగా అంటితే ఫిల్టర్ పాడైందేమో, పీకేశారేమో అనుమానించాలి. పీకెయ్యడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం.

మూడు: కారు కంప్యూటర్‌కి స్కానర్ తగిలించి చూడండి. చెక్ ఇంజన్ లైటు వెలగకపోయినా, లోపలి పరీక్షలు "పూర్తి కాలేదు" అని చూపిస్తే ఎవరో ఈమధ్యే కోడ్స్ చెరిపారేమో అని అడగండి.

నాలుగు: టైమింగ్ బెల్ట్ మార్చిన రసీదు, ఆయిల్ మార్పుల రసీదులు అడగండి. మాట కాదు, కాగితం కావాలి.

ఐదు: అమ్మేవాడికి సంబంధం లేని, డీజిల్ తెలిసిన మెకానిక్‌కి డబ్బిచ్చి చూపించండి. మనం టెస్టింగ్ చెయ్యకుండా కోడ్‌ని ప్రొడక్షన్‌లో పెడతామా?

ఆరు: వరద కార్లు జాగ్రత్త. 2012లో శాండీ, 2021లో ఐడా మన రాష్ట్రాన్ని ముంచాయి. విన్ నంబరుతో చరిత్ర చూడండి, కార్పెట్ ఎత్తి వాసన చూడండి.

న్యూజెర్సీలో డీలర్ అమ్మే పాతకార్లకి లెమన్ చట్టం ఉంది. కానీ అది ఏడు మోడల్ సంవత్సరాల లోపు, లక్ష మైళ్ళ లోపు కార్లకే. ఇక్కడ అమ్మిన డీజిల్ ఫోక్స్‌వ్యాగన్లు 2015తో ఆగిపోయాయి, షెవ్రొలే క్రూజ్ డీజిల్ 2019తో ఆగింది, మాజ్డా సీఎక్స్-5 డీజిల్ 2019లో ఒక్క ఏడాదే వచ్చింది. సియెన్నా, ఒడిస్సీలకి ఇక్కడ డీజిలే లేదు. అంటే మన బడ్జెట్‌లో దొరికే డీజిల్ కార్లలో చాలావాటికి ఆ చట్టం అండ లేదు. మన జాగ్రత్తే మనకి వారంటీ.

ఇంకొక్క మాట. మన రాష్ట్రంలో గ్యాస్ బంకు మనిషే కొడతాడు. డీజిల్ కారైతే "డీజిల్" అని గట్టిగా చెప్పి, ఏ గొట్టం పెడుతున్నాడో కళ్ళారా చూడండి. గ్యాస్ పడితే ఇంజన్ అస్సలు స్టార్ట్ చెయ్యకండి.

పిల్లలూ, ఇది మీకు!

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని బాగా నొక్కితే అది వేడెక్కుతుంది. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు వెచ్చబడడం మీరు చూసే ఉంటారు. ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో దీన్ని చక్కగా నడిపి చూపించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇలాంటి ఇంజన్ ఒకటి వేరుశెనగ నూనెతో నడిచింది! అమ్మమ్మ గారెలు వేయించే నూనె అన్నమాట. ఈసారి నాన్నగారు కారు చూడడానికి వెళ్తే టిష్యూ పరీక్ష మీరే చెయ్యండి.

పెద్దలకి చివరి మాట: ఒక నెలపాటు మీ ట్రిప్పులన్నీ రాసుకోండి. ఎక్కువభాగం హైవే మైళ్ళయి, ఏడాదికి ఇరవై వేలు దాటితే మంచి డీజిల్ కోసం ఓపిగ్గా వెతకండి. లేకపోతే గ్యాస్ కారో, హైబ్రిడ్డో హాయి. మిగిలిన డబ్బుతో అమ్మానాన్నలకి నయాగరా చూపించండి. మీ ప్రయాణాలన్నీ క్షేమంగా సాగాలని కోరుకుంటూ, సెలవు.