క్షేత్ర వాహనం డ్యాష్‌బోర్డుపై దిక్సూచి: అమరిక, విచలన సవరణ

మట్టి నమూనాల సేకరణ, పంటల సర్వే, ప్రయోగ క్షేత్రాల హద్దుల గుర్తింపు వంటి పనుల్లో విస్తరణ శాస్త్రవేత్తలకు జీపీఎస్ ఎంతో తోడ్పడుతున్నది. అయితే సాధారణ జీపీఎస్ పరికరం వాహనం ఎక్కడ ఉన్నదో చెబుతుంది గాని, నిలిచి ఉన్న వాహనం ఏ దిక్కుకు అభిముఖంగా ఉన్నదో చెప్పలేదు. వాహనం కదిలిన తరువాతనే వరుస స్థానాలను బట్టి దిశను లెక్కిస్తుంది. ఈ లోటును డ్యాష్‌బోర్డుపై అమర్చిన దిక్సూచి పూరిస్తుంది. కాని వాహన విడిభాగాలకు పేరుపొందిన సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి బజారులో దిక్సూచిని కొని జిగురుతో అతికించినంత మాత్రాన అది సరైన దిక్కు చూపదు. దానిని ఆ వాహనానికి తగినట్లు సవరించాలి.

దోషం వల్ల నష్టం

దిక్సూచిలో 10 డిగ్రీల దోషం ఉంటే ఒక కిలోమీటరు ప్రయాణంలో వాహనం 174 మీటర్లు పక్కకు జరుగుతుంది. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రాల పథకం తొలి మార్గదర్శకాల ప్రకారం సాగునీటి భూముల్లో 2.5 హెక్టార్లకు ఒక నమూనా సేకరించాలి. అంత విస్తీర్ణం గల చదరపు గడి భుజం దాదాపు 158 మీటర్లు. అంటే దిక్సూచిని మాత్రమే నమ్మి వెళ్లిన బృందం ఒక గడికి బదులు పక్క గడిలో మట్టి తీసే ప్రమాదం ఉన్నది. అప్పుడు ఒక రైతు పొలానికి మరొక రైతు మట్టి ఫలితాలను బట్టి ఎరువుల సిఫారసు అందుతుంది.

దోషానికి కారణాలు

హైదరాబాద్, సికింద్రాబాద్ ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం సుమారు 40 మైక్రోటెస్లాలు. భౌగోళిక ఉత్తరానికి, అయస్కాంత ఉత్తరానికి మధ్య భేదం ప్రస్తుతం దాదాపు ఒక డిగ్రీకి మించదు. కాబట్టి ఇక్కడ ప్రధాన సమస్య భూమి నుంచి కాక వాహనం నుంచి వస్తుంది.

తయారీలో సుత్తి దెబ్బలకు, వెల్డింగుకు గురైన ఉక్కు కొంత శాశ్వత అయస్కాంతత్వాన్ని సంతరించుకుంటుంది. వాహనం తిరిగినప్పుడు ఇది కూడా దానితోపాటు తిరుగుతుంది. అందువల్ల ఒక దిక్కున సూచిక తూర్పుకు మళ్లితే, వ్యతిరేక దిక్కున పడమరకు మళ్లుతుంది. ఇక మెత్తని ఇనుము భూ క్షేత్రం వల్ల తాత్కాలికంగా అయస్కాంతమవుతుంది. దీని వల్ల కలిగే దోషం ఒక పూర్తి చుట్టులో నాలుగుసార్లు గుర్తు మారుతుంది.

విద్యుత్ తీగల ప్రభావమూ తక్కువ కాదు. ఒక హెడ్‌లైటు సుమారు 5 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. ఆ తీగ దిక్సూచికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 10 మైక్రోటెస్లాల క్షేత్రం ఏర్పడి, సూచిక 14 డిగ్రీల వరకు మళ్లవచ్చు. దూరాన్ని 20 సెంటీమీటర్లకు పెంచితే ఇది 7 డిగ్రీలకు తగ్గుతుంది. పోయే తీగను, తిరిగి వచ్చే తీగను కలిపి మెలివేస్తే వాటి క్షేత్రాలు చాలావరకు పరస్పరం రద్దవుతాయి.

స్థల నిర్ణయం

దిక్సూచిని చేతితో పట్టుకొని డ్యాష్‌బోర్డు పైభాగాన, ముందు అద్దం సమీపాన వేర్వేరు చోట్ల ఉంచి చూడాలి. ఇంజను, లైట్లు, వైపర్లు, ఫ్యాను ఒక్కొక్కటిగా నడిపినప్పుడు సూచిక ఎక్కడ తక్కువగా కదులుతుందో అక్కడ అమర్చాలి. స్పీకర్లు, మొబైల్ ఫోన్లను నిలిపే అయస్కాంత పట్టీలు, అడుగున అయస్కాంతం గల దేవతా ప్రతిమలు దూరంగా ఉండాలి. చిన్న అయస్కాంతం దూరాన్ని రెట్టింపు చేస్తే దాని ప్రభావం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. బిగింపునకు ఇత్తడి మరలు వాడాలి. దిక్సూచిపై ఉన్న ఆధార గీత వాహనపు నిడివికి సమాంతరంగా ఉండాలి.

సవరణ విధానం

ఇనుప నౌకలపై దిక్సూచిని అయస్కాంతాలతో సవరించే పద్ధతిని 1838లో జార్జ్ ఎయిరీ ‘రెయిన్‌బో’ నౌకపై నిరూపించాడు. సవరణ మరలు గల నేటి వాహన దిక్సూచులకూ అదే సూత్రం వర్తిస్తుంది.

ముందుగా అనువైన చోటు ఎంచుకోవాలి. నగరపు అయస్కాంత అలజడికి దూరంగా జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ చౌటుప్పల్‌లోనూ అయస్కాంత పరిశీలనాలయాన్ని నిర్వహిస్తున్నది. మనం కూడా రైలు పట్టాలకు, మెట్రో స్తంభాలకు, ఇనుప కంచెలకు, బోరుబావుల కేసింగు గొట్టాలకు దూరంగా బయలు పొలానికి వెళ్లాలి. పార, గునపం, ఆగర్ వంటి పనిముట్లు వాహనంలో రోజూ ఉండే చోటనే ఉండాలి.

ఒక వ్యక్తి వాహనానికి కనీసం 10 మీటర్ల దూరంలో నిలబడి చేతి దిక్సూచితో వాహనం నిలిచిన దిశను నిర్ధారించాలి. తరువాత ఇనుము కాని స్క్రూడ్రైవరుతో ఈ క్రమం పాటించాలి:

1. వాహనాన్ని ఉత్తరాభిముఖంగా నిలిపి, ఉత్తర-దక్షిణ మరతో దోషాన్ని పూర్తిగా తొలగించాలి.
2. తూర్పుకు తిప్పి, తూర్పు-పడమర మరతో దోషాన్ని పూర్తిగా తొలగించాలి.
3. దక్షిణానికి తిప్పి, మిగిలిన దోషంలో సగమే తొలగించాలి. ఉదాహరణకు 180కి బదులు 168 చూపితే 174కు తేవాలి.
4. పడమరకు తిప్పి, అదే విధంగా సగం తొలగించాలి.

నాలుగు దిక్కులలోనూ దోషం ఒకే వైపు, ఒకే పరిమాణంలో కనిపిస్తే అది ఆధార గీత వంకరను సూచిస్తుంది. అప్పుడు మరలను ముట్టకుండా దిక్సూచి పీఠాన్నే కొద్దిగా తిప్పాలి.

విచలన పత్రం

మెత్తని ఇనుము వల్ల కలిగే దోషాన్ని ఈ మరలు తొలగించలేవు. కాబట్టి చివరగా ఎనిమిది దిక్కులలో వాహనాన్ని నిలిపి, అసలు దిశను, దిక్సూచి చూపిన దిశను పక్కపక్కన రాసి, తేదీ వేసి డ్యాష్‌బోర్డుపై అతికించాలి. వాహనానికి వెల్డింగు చేసినా, కొత్త స్పీకరు పెట్టినా, పనిముట్ల పెట్టె చోటు మార్చినా ఆ పత్రం చెల్లదు. సవరణ మళ్లీ చేయాలి. విద్యార్థులు క్షేత్ర పుస్తకంలో దిశను నమోదు చేసేటప్పుడు సవరించిన విలువనే రాసి, అది ఏ తేదీ పత్రం ప్రకారమో కూడా పేర్కొనాలి.